దారి లేని చీమల పుట్ట

చీమ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చీమ మీద కోపం కాదు, ఆ మాట వాడేవాళ్ళ మీద. ఆవు వేరు, బర్రె వేరు, మేక వేరు, గొర్రె వేరని పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. చీమ దగ్గరికి వచ్చేసరికి నల్లది, ఎర్రది, కుట్టేది, కుట్టనిది. అంతటితో చదువు అయిపోతుంది. కొందరు చెదలను కూడా చీమల్లో కలిపేస్తారు. అయ్యా, చెదపురుగు బొద్దింకకు చుట్టం. చీమ కందిరీగకు చుట్టం. వాటి మధ్య ఉన్న చుట్టరికం నాకూ ముళ్ళపందికీ ఉన్నంత.

ఈమధ్య ఉరవకొండలో టీ అంగడి దగ్గర కొందరు కుర్రవాళ్ళు పాత బావిలో పూడిక తీయడానికి దిగే సంగతి మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు అన్నాడు: "లోపల గాలి బాగుండాదిరా. గోడకు చీమలు తిరుగుతాండాయి, నేను చూసినా. చీమ బతికిన కాడ మనిషి బతకడా?"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. "ఏ చీమరా?" అన్నాను.

"ఏ చీమైతే ఏమి తాతా, చీమే గదా!" అని అందరూ నవ్వారు.

ఆ రోజు వాళ్ళను అక్కడే కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాళ్ళు విన్నారు. మీరూ వినండి.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. పురుగుల సర్వే చేసే ఒక ఆఫీసులో ఫీల్డ్‌మ్యాన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాను. చేలల్లో నేలమట్టానికి ప్లాస్టిక్ గ్లాసులు పాతి చీమలను పట్టడం, స్పిరిట్ సీసాల్లో వేయడం, ఎండినదాన్ని ముక్కోణపు అట్టముక్క కొసకు జిగురుతో అంటించి గుండుసూదికి గుచ్చడం నా పని. లాటిన్ పేర్లు నాకెవరూ నేర్పలేదు. పెట్టెల మీద చీటీలు చదువుకుంటూ నేర్చుకున్నాను. మొదట్లో భయం వేసింది. తర్వాత తెలిసింది, అది మన పద్ధతేనని. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. చీమలకూ అంతే. లోకంలో ఉన్న చీమలన్నీ కలిసి ఒకే కుటుంబం. దాని పేరు ఫార్మిసిడే. అందులో ఉపకుటుంబాలు, వాటిలో ఇంటిపేర్లు, ఆ తర్వాత ఒక్కొక్కదాని పేరు. ఏ ఉపకుటుంబమో తెలియాలంటే ముందు నడుము చూడాలి. చీమ నడుముకు ముడి ఉంటుంది. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు.

దీనిలోనూ పెద్దవాళ్ళు ఊరుకోరు. మన చేలల్లో గింజలు మోసే చీమకు నా సర్వీసు చివర్లో ఇంటిపేరు మార్చేశారు. మొనోమోరియం అని ఉన్న చీటీలన్నీ పీకి ట్రైకోమిర్మెక్స్ అని మళ్ళీ రాసింది ఎవరు? నేను. చీమను అడిగినవాడు లేడు, నన్ను అడిగినవాడు అసలే లేడు.

నేను చెప్పే సంగతి ఆ పేరు మారకముందుది. మా ఆఫీసులో చీమలు చూసేది ఒక మేడం. వయసులో నా కూతురంత. నన్ను "అన్నా" అని పిలిచేది. కష్టపడే మనిషి, తెలివైన మనిషి. చీమ కనబడితే మధ్యాహ్నం తిండి సంగతి మరిచిపోయేది, దాంతో మా జీపు డ్రైవరుకూ నాకూ కడుపు మాడేది. "ఈ జన్మలో డ్రైవరుగా పుట్టినా గానీ, వచ్చే జన్మలో చీమగా పుడతాన్నా. మేడం మర్యాదగా చూసుకుంటాది" అనేవాడు డ్రైవరు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఉరవకొండ నుంచి వజ్రకరూరు పోయే దారిలో, రోడ్డుకు బాగా దూరంగా ఒక ఎర్రనేల చేను. వేరుశనగ వేశారు. మొక్క జానెడు ఎత్తు లేవకముందే మాడిపోయి, కాలు పెడితే పెళపెళమంటోంది. ఆ చేను తూర్పు మూల ఒక చీమల పుట్ట కనబడింది. పుట్ట అంటే పాము పుట్ట అనుకోకండి. నేలలో వేలెడు కన్నం, దాని చుట్టూ వలయంగా పొట్టు. గింజల చీమలు అలాగే చేస్తాయి. గింజ లోపల దాచుకుని పొట్టు బయట పారేస్తాయి.

మేడం పొట్టు తీసి భూతద్దం కింద పెట్టింది. "అన్నా, ఇది జొన్న" అంది.

తలెత్తి చుట్టూ చూశాం. కనుచూపు మేర జొన్న లేదు. ఆ ఏడే కాదు, ఆ చుట్టుపక్కల జొన్న వేయడం ఎప్పుడో మానేశారు.

అంతకన్నా నన్ను ఆపిన సంగతి ఇంకొకటి. గింజల చీమలకు దారి ఉంటుంది. కన్నం నుంచి చేలోకి, గట్టు మీదికి సన్నగా గీత గీసినట్టు ఉంటుంది. మేతకు పోయేవి పోతుంటాయి, గింజతో వచ్చేవి వస్తుంటాయి. నేను ఆ పుట్ట చుట్టూ తిరిగాను. మళ్ళీ తిరిగాను. దారి లేదు. చీమలు కన్నంలోంచి పైకి వస్తున్నాయి, పొట్టు పడేస్తున్నాయి, మళ్ళీ లోపలికి పోతున్నాయి. ఒక్కటి కూడా మేతకు బయటికి పోవడం లేదు.

ఎండ నెత్తి మీద ఉంది. గాలి కదలడం లేదు. ఎక్కడా పిట్ట కూడా అరవలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో చీమలను చూసి భయపడింది ఆ పూటే. తిండి పైనుంచి కిందికి పోవాలి. ఇక్కడ కింది నుంచి పైకి వస్తోంది.

పొట్టు జల్లెడ పట్టడం నా పని కాబట్టి కూర్చుని పట్టాను. జల్లెడలో నల్లగా గుండ్రంగా కొన్ని మిగిలాయి. "ఆవాలన్నా" అన్నాడు డ్రైవరు. అరచేతిలో వేసుకుని భూతద్దంతో చూశాను. ప్రతిదానికీ నడుమ కన్నం ఉంది. నల్లపూసలు. మన ఆడవాళ్ళు తాళితో కలిపి మెడలో వేసుకునేవి.

"లోపల దారికి అడ్డం వచ్చినవాటిని ఇవి తెచ్చి బయట పడేస్తాయి అన్నా. చిన్న రాళ్ళు, పూసలు, ఏవైనా సరే" అని మేడం నెమ్మదిగా చెప్పింది. చెప్పి, నా అరచేతి వైపు చూడకుండా తల తిప్పుకుంది.

అప్పుడే చేను రైతు వచ్చాడు. నడివయసు మనిషి, భుజం మీద తువాలు. "ఏమప్పా, మా చేన్లో ఏం వెతుకుతాండారు? వజ్రాలా?"

"చీమలు" అన్నాను.

"చీమల కోసరం జీపేసుకోని వచ్చినారా? మా ఇంట్లో చక్కెర డబ్బా నిండా ఉండాయి రాండి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోని పోండి!"

పొట్టు చూపించాను. నవ్వు ఆపేశాడు. వంగి వేళ్ళతో నలిపి వాసన చూశాడు. "ఈ చేన్లో యాడనో పాతర ఉండాదని మా నాయన ఒకసారి అన్న్యాడు. యాడనో చెప్పల్యా. అడిగితే మాట మార్చినాడు."

పాతర అంటే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గట్టి నేలలో కుండలాగా తవ్విన గుంత. మూతి చిన్నది, కడుపు పెద్దది, మనిషి లోతు కన్నా ఎక్కువ. లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, బండతో మూసి మట్టి కప్పేవాళ్ళు. కరువొస్తే తీసేవాళ్ళు. పాతర జొన్నల రొట్టెకు ఒక వాసన ఉండేది, అలవాటు లేనివాళ్ళు తినలేకపోయేవాళ్ళు. బండ తీసిన వెంటనే పాతరలోకి దిగకూడదు. లోపల గాలి చచ్చి ఉంటుంది. ఒక పూట తెరిచి పెట్టాలి, లాంతరు వెలిగించి దింపి చూడాలి. దీపం నిలిస్తేనే మనిషి దిగాలి.

రైతు మజ్జిగ తాగి పొమ్మని మమ్మల్ని ఇంటికి తీసుకుపోయాడు. ఇంట్లో ఆయన చిన్నమ్మ ఉంది. తాను ఉయ్యాలలో ఉండగానే తల్లి పురుగు ముట్టి, అంటే పాము కరిచి, చనిపోతే, తల్లి చెల్లెలే తనను పెంచిందని దారిలో చెప్పాడు. ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. సన్నటి మనిషి, చూపు ఇంకా బాగుంది. మజ్జిగ చెంబు అందిస్తుంటే నేను అరచెయ్యి తెరిచి, "అవ్వా, మీ చేన్లో చీమలు ఏం తెచ్చినాయో చూడు" అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టింది. పూసలను ఒక్కొక్కటే తీసుకుని కొంగుతో తుడిచింది. తుడిచినవాటిని కొంగు చివర పెట్టి ముడి వేసింది. మమ్మల్ని అడగలేదు, ఇస్తారా అని.

"యాడివి?"

"తూర్పు మూల పుట్టకాడివి" అన్నాడు రైతు.

"ఆడ తవ్వాకురా."

"ఎందుకుమా?"

"తవ్వాకంటే తవ్వాక." లోపలికి వెళ్ళిపోయింది. మేం బయల్దేరేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

కొన్నాళ్ళకు రైతు మేడంకు ఫోన్ చేశాడు. బండ దొరికింది, రేపు తీస్తున్నాను, మీ చీమలు కావాలంటే రండి అన్నాడు. ఆయన బాధ ఆయనది. శనక్కాయ పోయింది. మేత లేక ఎద్దులు బక్కచిక్కి, వాటిని సంతకు తోలే పరిస్థితి వచ్చింది. పాతరలో పశువు తినే జొన్న మిగిలి ఉన్నా అవి నిలుస్తాయని ఆశ. ఆ ఎద్దులను దూడలప్పటి నుంచి సాకాడు.

మేం పోయేసరికి మధ్యాహ్నమైంది. గడ్డపారలతో బండ అప్పుడే పక్కకు జరిపారు. మూతిలోంచి పుల్లటి, తడి వాసన. ఆ ఎండిన నేలలో తడి వాసన ఎక్కడిదో అనిపించింది. మూతి లోపలి అంచు నిండా చీమలు. కింది నుంచి పైకి, పైనుంచి కిందికి, చప్పుడు లేకుండా. వంగి చూస్తే కాస్త లోతు వరకు గోడ కనబడింది. ఆ తర్వాత నలుపు.

రైతు నడుముకు మోకు కట్టుకుని, ముఖానికి తువాలు బిగించుకుంటున్నాడు. కూడా వచ్చిన ఇద్దరు మోకు కొస పట్టుకున్నారు.

"కాసేపు ఆగండి, ఇప్పుడే కదా తీశారు. లోపలి గాలి మంచిది కాదు" అంది మేడం.

"మేడమ్మా, ఈ గోడ చూడు. నిండా చీమలే. లోపల్నుంచే వస్తాండాయి గదా! చచ్చిన గాలైతే ఇవెట్ల బతుకుతాయి?"

మేడం చీమల వైపు చూసింది. నేనూ చూశాను. డ్రైవరు కూడా చూశాడు. ఆ మాటకు ఎదురు చెప్పే మాట మాలో ఎవరికీ వెంటనే దొరకలేదు. చీమలు బతికే ఉన్నాయి. కళ్ళ ముందే ఉన్నాయి. రైతు మూతి అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేశాడు.

"ఎవురో వస్తాండారు" అన్నాడు డ్రైవరు.

మాడిన చేనుకు అడ్డంగా అవ్వ వస్తోంది, అప్పటికే మాట వినబడేంత దగ్గరికి వచ్చేసింది. తల మీద కొంగు లేదు. చేతిలో లాంతరు ఉంది. అది వెలుగుతోంది. మిట్టమధ్యాహ్నం, కళ్ళు తెరవలేని ఎండలో, ఒక ముసలామె వెలిగే లాంతరు పట్టుకుని నడిచి వస్తుంటే చూసినవాళ్ళు మీలో ఎవరూ ఉండరు. మోకు పట్టుకున్నవాళ్ళలో ఒకడు దేవుణ్ణి తలుచుకున్నాడు.

ఆమె అరవలేదు. వచ్చి, కొడుకు నడుము దగ్గర మోకు గట్టిగా పట్టుకుంది.

"ఏమన్న్యావురా ఇప్పుడు? నాకు ఇనపడింది. మళ్ళా అను."

"చీమలు బతికినాయి గదా అన్న్యానుమా. మనిషి ఎందుకు బతకడూ అని..."

"ఆ మాట నాది."

"ఏందిమా?"

"ఆ మాట నాదిరా. ఇదే మూతికాడ కూచోని మాయక్కతో నేనన్న్యా. చీమలు తిరుగుతాండాయి లేక్కా, గాలి మంచిగుండాది, దిగు అన్న్యా. నువ్వు ఉయ్యాల్లో ఏడుస్తాండావు. ఇంట్లో పిండి ల్యా. మగోళ్ళు కూలికి బళ్ళారి పక్క పోయినారు. చేంతాడు నా చేతిలోనే ఉండె."

రైతు "మాయమ్మకు పురుగు ముట్టింది గదా" అన్నాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"మగోళ్ళు వచ్చినాక అట్ల చెప్పమన్న్యారు. పురుగు ముట్టిందంటే ఎవురూ ఏమీ అడగరు. నన్ను కూడా అడగరని." మోకు వదలలేదు. "దిగింది. 'పట్టుకోవే' అనింది. అంతే. మళ్ళా పలకల్యా. లాగినా. నా వల్ల కాల్యా. పక్క చేన్లోళ్ళు వచ్చి కొక్కేలేసి లాగినారు. మెడలో తాడు తెగి పూసలు లోపలే పడినాయి. మాయక్కను తీసినాం, జొన్నలు ముట్టకుండా బండేసినాం. పూసలు తీయల్యా."

రైతు కాళ్ళు ఇంకా లోపలే వేలాడుతున్నాయి. పాదాల మీదికి చీమలు ఎక్కుతున్నాయి. ఆయన వాటిని చూశాడు. తర్వాత ఒక కాలు తీసి బయట పెట్టాడు. రెండోది తీయడానికి చాలాసేపు పట్టింది.

అవ్వ లాంతరుకు తాడు కట్టి దింపింది. వెలుగు గోడల మీద పడుతూ కొంత దూరం దిగింది. వత్తి కుంగిపోయింది. ఆరిపోయింది. పైకి లాగి మళ్ళీ వెలిగించింది. మళ్ళీ అదే లోతులో ఆరింది. పైకి వస్తున్న లాంతరుతో పాటు, తాడు పట్టుకుని చీమలు నింపాదిగా ఎక్కి వస్తున్నాయి.

"సూడు" అంది అవ్వ. "దీపం పోయింది. చీమలు ఉండాయి."

మనిషి దిగకుండా ఒక్క బకెట్ దింపుకోవచ్చా అని మేడం అడిగింది. అవ్వ తల ఊపింది. తాడుకు బకెట్ కట్టి అడుగు దాకా వేసి లాగాం. జొన్న కాదు వచ్చింది, నల్లటి గడ్డలు. పశువు మూతి కూడా పెట్టదు. రైతు ఒక గడ్డ చేతిలోకి తీసుకుని, చిదిపి, పారేశాడు. ఎద్దుల సంగతి అక్కడ తేలిపోయింది.

గడ్డ పగిలిన చోట చీమలు కదిలాయి. ఎర్రగా, ముదురు తేనె రంగులో ఉన్నాయి. ఎండ తగలగానే గడ్డల కిందికి దూరిపోతున్నాయి. ఇవి పైనున్న చీమలు కావు. మేడం ఒకదాన్ని పట్టి భూతద్దం నాకిచ్చింది. "నువ్వు చెప్పన్నా" అంది.

పైన గోడ మీదున్న వాటి నడుముకు రెండు ముళ్ళు. దీనికి ఒకటే. తల వైపు జరిపాను. కళ్ళు ఉండవలసిన చోట ఏమీ లేదు. గీత లేదు, చుక్క లేదు, నున్నగా ఉంది. వెతుక్కుంటూ తల అటూ ఇటూ తిప్పుతోంది.

"డోరిలినే" అని ఉపకుటుంబం పేరు చెప్పాను.

"అవును. పైన గింజల చీమలు, కింద ఇవి. నేలకిందే పుట్టి నేలకిందే తిరుగుతాయి. మనకు కావలసినంత గాలి వీటికి అక్కర్లేదు. పైవాటికి కూడా అక్కర్లేదు. చీమకు ఊపిరితిత్తులు లేవు. పక్కల్లో సన్నటి రంధ్రాలు ఉంటాయి. మనిషి పడిపోయే గాలిలో కూడా అవి తిరగగలవు." ఈ మాటలు ఆమె నాకు చెప్పడం లేదు. అవ్వకు చెబుతోంది. కొంచెం ముందు అనవలసిన మాటలు ఇప్పుడు అంటోంది. "అప్పుడు మీకు ఎవరు చెప్తారవ్వా ఇదంతా?"

అవ్వ ఆ ఓదార్పు తీసుకోలేదు. బకెట్ దగ్గర కూర్చుని లోపలికి చూసింది. "అడుగున ఉండేటివి ఇవేనా? వీటికి కండ్లు ల్యావా?"

"లేవవ్వా" అన్నాను.

"అట్లయితే మాయక్కను చూసిండవు."

"చూసి ఉండవు."

"మేలు" అంది.

ఆ సాయంత్రమే బండ మళ్ళీ మూసి మట్టి కప్పారు. ఆ వారం ఎద్దులు సంతకు పోయాయి. చీమలు మా సీసాలోకి వచ్చాయి. చీటీ మీద జిల్లా, మండలం, ఎర్రనేల, పాత ధాన్యపు గుంత అని నేనే రాశాను. అంతకన్నా రాయడానికి ఆ చీటీలో చోటు ఉండదు. ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల్లో, చీమలకు అన్నీ తెలుసు, ప్రమాదం ముందే పసిగడతాయి, నిధి చూపిస్తాయి అని ఎవడో గొంతు పెంచి చెబుతుంటాడు. చూసినప్పుడల్లా ఆ ఫోన్ లాక్కుని విసిరేయాలనిపిస్తుంది. చీమ మనకు ఏమీ చెప్పదు. దాని పని అది చేసుకుంటుంది. దాని కుటుంబం వేరు, మన ఊపిరి వేరు. దిగే ముందు దీపం దింపండి. దీపం ఆరితే దిగకండి. నిలిచినా తొందరపడకండి, గాలి కొలిచే మిషన్ ఉన్నవాళ్ళను పిలవండి.

రిటైరైన తర్వాత ఆ చేనుకు అప్పుడప్పుడూ పోతుంటాను. తూర్పు మూల దున్నడం మానేశారు. జొన్న పొట్టు ఎప్పుడో ఆగిపోయింది. పుట్ట మాత్రం ఉంది.

ఈసారి పోయినప్పుడు రైతు కన్నం పక్కన గుప్పెడు నూకలు పోస్తున్నాడు. చీమలకు నూకలు వేయడం మనలో ఉన్నదే కదా, పుణ్యానికేమో అనుకున్నాను. అడిగితే తల ఎత్తకుండా చెప్పాడు: "పైన మేత దొరికితే లోపలికి పోవు గదన్నా. మాయమ్మను ఇంగ తవ్వకుండా వదిలిపెడతాయని."

ఆయన అటు పోగానే అవ్వ వచ్చింది. ఇప్పుడు నడుము బాగా వంగిపోయింది. చీపురుకట్టతో ఆ నూకలను దూరంగా ఊడ్చేసింది. "వాడు ఎయ్యడం, నేను ఊడ్చడం. వద్దురా అంటే ఇనడు. కడుపు నిండితే అవి పూసలెట్ల తెస్తాయి?" అంది. మెడలో నల్లటి దారం ఒకటి తీసి చూపించింది. పూసలు దారంలో సగానికి వచ్చాయి. "నువ్వు చీమలు చదివినోడివి. చెప్పప్పా. వాడి మాట నిజమా, నా మాట నిజమా?"

వాటి కుటుంబం నాకు తెలుసు, ఉపకుటుంబం తెలుసు, పాత ఇంటిపేరు, కొత్త ఇంటిపేరు రెండూ తెలుసు. నడుముకు ఎన్ని ముళ్ళో తెలుసు. ఆమె అడిగినదానికి జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను.

ఆమె ఊడ్చిన నేల మీద ఇద్దరం కూర్చున్నాం. కాసేపటికి కన్నంలోంచి ఒక చీమ వెనక్కి వెనక్కి నడుస్తూ, నల్లటిదేదో ఈడ్చుకుంటూ పైకి వచ్చింది. అవ్వ చెయ్యి చాపింది.